కలిసే చోటు ముందే ఉండాలి: క్లెజ్మటిక్స్ బ్యాండ్ మీద ఒక అరేంజర్ కేస్ స్టడీ

ఫ్యూజన్ చేద్దామని వచ్చే కుర్ర బ్యాండ్లకు నేను ముందుగా వినిపించేది న్యూయార్క్ బ్యాండ్ ది క్లెజ్మటిక్స్‌ని. మన దగ్గరి ఫ్యూజన్ ఏదైనా పెడితే రెండో నిమిషానికే చర్చ దారి తప్పుతుంది. ఎవరి గురువుగారు గొప్ప, త్యాగరాజస్వామి కీర్తనకి డ్రమ్సేంటి అన్న గొడవ మొదలవుతుంది. పరాయి సంగీతమైతే ఆ బాధ లేదు. చెవి తన పని తాను చేసుకుంటుంది.

నేను కర్ణాటక వయొలిన్ నేర్చుకుని, సినిమా సెషన్లలో వాయించి, తర్వాత అరేంజర్‌గా (ఏ వాయిద్యం ఎక్కడ ఏం వాయించాలో కూర్చేవాడిగా) మారినవాణ్ణి. హైదరాబాద్‌లో పెళ్లి సంగీత్‌ల నుంచి కార్పొరేట్ షోల దాకా అందరూ అడిగేది ఒకటే: "కొంచెం ఫ్యూజన్‌గా చేయండి సార్." దేన్ని దేంతో కలపాలండీ అంటే మాత్రం జవాబుండదు. ఆ జవాబు వెతుక్కోవడంలో నాకు బాగా పనికొచ్చిన కేసు ఇది. ఈ బ్యాండ్ వాళ్ళెవరూ నాకు తెలియదు. రికార్డులు విని, ట్యూన్లకు స్వరాలు రాసుకుని, మా రిహార్సల్ గదిలో వాయించి చూసిన మీదట రాస్తున్నాను.

నేపథ్యం

క్లెజ్మర్ అంటే తూర్పు యూరప్ యూదుల పెళ్లి సంగీతం. ఇప్పటి పోలండ్, ఉక్రెయిన్, రొమేనియా, మోల్డోవా ప్రాంతాల్లోని పట్నాల్లో తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన వృత్తి. మన సన్నాయి మేళం లాగే, వాళ్ళు లేనిదే పెళ్లి జరగదు, పెళ్లయ్యాక వాళ్ళని పట్టించుకునేవాళ్ళూ ఉండరు. మొదట్లో వయొలిన్‌దే పెత్తనం. పక్కన ఫ్లూట్, బాస్, కర్రలతో తీగల మీద కొట్టి వాయించే త్సింబల్ ఉండేవి. త్సింబల్ చూడటానికి, వినడానికి సంతూర్‌కి దగ్గర. క్లారినెట్ ముందుకొచ్చింది ఆ తర్వాతే.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. యూదు సంగీతం అని అంతటినీ ఒకే గంపలో వేయకూడదు. కొచ్చి యూదుల పాటలు వేరు, యెమెన్ యూదులవి వేరు. మన గుంటూరు జిల్లా కొత్తారెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు మాట్లాడే యూదు సమాజం ఉంది. వాళ్ళకీ క్లెజ్మర్‌కీ ఏ సంబంధం లేదు. క్లెజ్మర్ యిద్దిష్ భాష మాట్లాడిన అష్కెనాజీ, అంటే మధ్య, తూర్పు యూరప్ యూదులది.

20వ శతాబ్దం మొదట్లో లక్షలాది యూదులు అమెరికా వలస వెళ్ళినప్పుడు ఈ వాయిద్యగాళ్ళూ వెళ్ళారు. క్లారినెట్ విద్వాంసులు నఫ్తులే బ్రాండ్‌వైన్, డేవ్ టారస్ న్యూయార్క్‌లో ఇచ్చిన 78 ఆర్‌పీఎమ్ గ్రామఫోన్ రికార్డులే ఈ సంగీతానికి ఇప్పుడు పాఠ్యపుస్తకాలు. బ్రాండ్‌వైన్ తన వేళ్ళు వేరేవాళ్ళు చూసి నేర్చేసుకుంటారని జనానికి వీపు తిప్పి వాయించేవాడని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, ఆ మనిషి వాయిద్యం వింటే నమ్మబుద్ధేస్తుంది.

తర్వాత అంతా తగ్గిపోయింది. యూరప్‌లో యూదుల మారణహోమంతో ఆ ఊళ్ళే లేకుండా పోయాయి. అమెరికాలో పిల్లలు ఇంగ్లీషులోకి, జాజ్‌లోకి వెళ్ళిపోయారు. ఇజ్రాయెల్‌లో హీబ్రూకి పట్టం కట్టి యిద్దిష్‌ని పక్కన పెట్టారు. 1970ల మధ్యలో బర్కిలీలో, న్యూయార్క్‌లో కొందరు కుర్రవాళ్ళు పాత రికార్డుల దుమ్ము దులిపి మళ్ళీ వాయించడం మొదలుపెట్టారు. 1980లో బోస్టన్‌లో హాంకస్ నెట్స్కీ క్లెజ్మర్ కన్సర్వేటరీ బ్యాండ్ పెట్టారు. క్లెజ్మటిక్స్ ట్రంపెట్ వాద్యకారుడు ఫ్రాంక్ లండన్ అక్కడ వాయించి వచ్చినవారే.

1986లో మాన్‌హాటన్ ఈస్ట్ విలేజ్‌లో క్లెజ్మటిక్స్ మొదలైంది. పేరు ప్లాస్మటిక్స్ అనే పంక్ బ్యాండ్ పేరు మీద చమత్కారం. ఫ్రాంక్ లండన్‌తో పాటు గాయకుడు, అకార్డియన్ వాద్యకారుడు లోరిన్ స్క్లామ్‌బర్గ్, వయొలిన్ మీద అలీషియా స్విగల్స్, బాస్ మీద, త్సింబల్ మీద పాల్ మోరిసెట్, డ్రమ్స్ మీద డేవిడ్ లిక్ట్ తొలి రోజుల నుంచీ ఉన్నారు. క్లారినెట్ కుర్చీ మాత్రం చేతులు మారింది: మార్గో లెవరెట్, తర్వాత డేవిడ్ క్రాకౌర్, 1990ల మధ్య నుంచి మాట్ డారియో. స్విగల్స్ వెళ్ళాక వయొలిన్ లీసా గట్కిన్ చేతికొచ్చింది.

ముందు వ్యాకరణం

బయటి నుంచి వింటే ఇందులో జాజ్ వినిపిస్తుంది, రాక్ డ్రమ్స్ వినిపిస్తాయి, బాల్కన్ (ఆగ్నేయ యూరప్) సంగీతం వినిపిస్తుంది. లిక్ట్ రాక్ నుంచి వచ్చినవారు, డారియో బాల్కన్ సంగీతంలో మునిగినవారు, గట్కిన్‌కి ఐరిష్ ఫిడిల్ కూడా చేతనవును. అన్నీ కలిపేశారు కాబట్టి బాగుందని మా కుర్రాళ్ళు తేల్చేస్తారు. నేను అప్పుడు వాళ్ళ చేత స్విగల్స్ వయొలిన్ వినిపిస్తాను, పక్కన డ్రమ్స్ ఎంత మోగుతున్నా పట్టించుకోకుండా. ఆమె బో (కమాను) కదిలే తీరులో ఎక్కడా రాక్ లేదు, జాజ్ లేదు. 78 రికార్డుల కాలం నాటి పలుకే.

ఆ పలుకులో ప్రాణం క్రెఖ్ట్స్ అనే అలంకారం. ఏడుపు మధ్యలో గొంతు పట్టేసినట్టు ఉంటుంది. వయొలిన్ మీద ఎలా వస్తుందంటే: రెండో వేలితో స్వరం పలికిస్తూ ఉండాలి. ఆ స్వరం తెగే ఆఖరి క్షణంలో పై వేలిని తీగకి ఆనీ ఆననట్టు తగిలించి, అదే క్షణంలో బోని టక్కున ఆపేయాలి. పై స్వరం పూర్తిగా వినపడకూడదు, విరిగిన చప్పుడే రావాలి. కర్ణాటక చేతికి ఇది చాలా కష్టం. మన గమకం స్వరాన్ని ఊపి పక్క స్వరంతో కలుపుతుంది, మన వేలికి తెంపడం అలవాటు లేదు. మా వయొలిన్ అమ్మాయి మొదట్లో ప్రతి క్రెఖ్ట్స్‌నీ తోడి గాంధారంలా ఊపేసేది. బోని తీగ మీదే ఆపి ఉంచమన్నాక, ఎత్తకుండా, అప్పుడు దారిలో పడింది.

రాగాల సంగతి మనకి ఇంకా దగ్గర. క్లెజ్మర్‌లో తరచుగా వినిపించే ఫ్రైగిష్ అనే వరుసలో శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం వస్తాయి. మన లెక్కలో 14వ మేళకర్త (మూల రాగం) వకుళాభరణం. నిషాదం ఒక్కటి కాకలి చేస్తే సరళీ స్వరాలు నేర్చుకున్న మాయామాళవగౌళ. మి షెబెరఖ్ అనే ఇంకో వరుస సరిగ్గా హేమవతి. ఇక్కడ చాలామంది తొందరపడి, సరే మన రాగమేగా అని వాయించేస్తారు. ఫ్రైగిష్‌లో షడ్జమం కిందకి దిగి వాయించేటప్పుడు ధైవతం చాలాసార్లు ఒక మెట్టు పైకెళ్ళి చతుశ్రుతి అవుతుంది. అంటే మంద్రంలో ఒక ధైవతం, మధ్య స్థాయిలో ఇంకోటి. ఇది స్కేల్ పట్టుకుని వాయిస్తే దొరకదు, ప్రయోగాలు వినాలి. రాగం అంటే ఆరోహణ అవరోహణలు మాత్రమే అనుకోని మనవాళ్ళకి ఈ విషయం వెంటనే బుర్రకెక్కుతుంది.

దోయినా అనే రూపం ఆలాపన లాంటిది. రొమేనియా గొర్రెల కాపరుల పాట నుంచి వచ్చింది, తాళం ఉండదు. తేడా పాట కింద మోగేదానిలో ఉంది. మనకి తంబుర శ్రుతి కదలదు. వాళ్ళకి కింద నిలిచిన కార్డు (chord, కలిపి మోగించే స్వరాల గుత్తి), పైన వాయించేవాడు ఒక ముక్క ముగించగానే మారుతుంది. అకార్డియన్ వాయించేవాడు వయొలిన్ వాయించేవాడి ఊపిరి వింటూ కూర్చోవాలన్నమాట.

తాళాలకొస్తే బుల్గర్ అనే నాట్యపు ట్యూన్‌లో పక్కవాయిద్యాల నడక తకిట తకిట తక. ఎనిమిదిని మూడు, మూడు, రెండుగా విడగొట్టడం. మృదంగం వాయించే కుర్రాడికి చెబితే మరుక్షణం అందుకుంటాడు. నెమ్మదిగా నడిచే హోరాలో మూడు దెబ్బల్లో మధ్యది మూగబోతుంది. కుంటుతూ నడిచినట్టుంటుంది, ఆ కుంటే ఆ నాట్యానికి అందం. క్లెజ్మటిక్స్ ఏ ఆల్బమ్‌లోనైనా డ్రమ్ కిట్ ఎంత గట్టిగా వాయించినా అడుగున ఈ నడకలు చెరగవు. పైన ఎంత రాక్ ఉన్నా పాతకాలం పెళ్లి జనం లేచి నాట్యమాడగలరు. నా ఉద్దేశంలో ఈ బ్యాండ్ గెలుపులో సగం ఇక్కడే ఉంది.

స్క్లామ్‌బర్గ్ ఏళ్ళ తరబడి న్యూయార్క్‌లోని యీవో అనే యిద్దిష్ పరిశోధన సంస్థలో సౌండ్ ఆర్కైవిస్టుగా పనిచేశారు. పగలు పాత రికార్డుల మధ్య కూర్చునే మనిషి రాత్రి స్టేజీ మీద పాడితే పాత పలుకు ఎందుకు పోతుంది?

కలిసిన చోట్లు

మిగతా సగం గురించే ఈ కేస్ స్టడీ. ఈ బ్యాండ్ ఎవరితో కలిసి పనిచేసినా ఆ రెండు సంగీతాలకీ మధ్య ముందే ఒక దారి ఉంటుంది. వీళ్ళు కొత్తగా వంతెన కట్టలేదు. ఉన్న దారిలో ముళ్ళకంప తీశారు.

మొదటిది 1990ల మొదట్లో వచ్చిన ఆల్బమ్ "రిథమ్ ప్లస్ జ్యూస్". అందులో ఈజిప్టుకి చెందిన నూబియన్ తాళవాద్యకారుడు మహమూద్ ఫద్ల్ వాయించారు. యూదు పెళ్లి సంగీతానికి అరబ్ తాళవాద్యం అంటే పైకి రాజకీయ సందేశంలా కనిపిస్తుంది. లోపల చూస్తే రొమేనియా, మోల్డోవా ప్రాంతాలు శతాబ్దాల పాటు ఒట్టోమన్ టర్కుల నీడలో ఉన్నాయి. అక్కడి యూదు, రోమా (జిప్సీ), గ్రీకు వాద్యకారులు ఒకరి ట్యూన్లు ఒకరు వాయించారు. క్లెజ్మర్‌లో తెర్కిష్ అని పేరులోనే టర్కీ ఉన్న నాట్యం ఉంది. బ్రాండ్‌వైన్ 1920ల రికార్డుల్లో అరబ్ నృత్యం అనే పేరుతోనే ఒక ట్యూన్ ఉంది. ఆ ఆల్బమ్‌లోని "ఫున్ తష్లిఖ్" కూడా బ్రాండ్‌వైన్ వాయించిన ట్యూనే. యూదుల కొత్త సంవత్సరం నాడు పారే నీటి దగ్గరికెళ్ళి పాపాలు వదిలే ఆచారం మీది పేరది. క్లెజ్మటిక్స్ దాన్ని తొందరపెట్టకుండా, తూర్పు నడకలో నెమ్మదిగా తిప్పుతారు. ట్యూన్‌లో అప్పటికే ఉన్న తూర్పు వాసనని కాస్త పైకి తెచ్చారు, అంతే. తర్వాత పేరుమోసిన వయొలిన్ విద్వాంసుడు ఇట్జాక్ పెర్ల్‌మన్ అంతటివాడు 1995 నాటి క్లెజ్మర్ ప్రాజెక్టులో ఈ బ్యాండ్‌తో కలిసి వాయించారు.

రెండోది సంగీతం కన్నా మాటకి సంబంధించింది. వాళ్ళ తొలి ఆల్బమ్ పేరు "ష్వైగ్న్ = తోయ్ట్". మౌనమంటే చావే అని. 1980ల చివర ఎయిడ్స్‌తో న్యూయార్క్‌లో కుర్రవాళ్ళు రాలిపోతుంటే ప్రభుత్వం నోరెత్తని రోజుల్లో యాక్ట్ అప్ ఉద్యమం ఎత్తుకున్న నినాదాన్ని యిద్దిష్‌లో పెట్టారు. స్క్లామ్‌బర్గ్ తాను గే అని దాచుకున్న మనిషి కాదు. యిద్దిష్‌లో అంతకు వందేళ్ళ ముందు నుంచే కార్మికుల పాటలు, సమ్మె పాటలు పుష్కలంగా ఉన్నాయి. మారిస్ వించెవ్స్కీ కవిత నుంచి వచ్చిన "అలె బ్రీదర్", అంటే అందరం అన్నదమ్ములమే అన్న పాట, ఆ కోవలోదే. క్లెజ్మటిక్స్ అందులో దావీదు రాజునీ యోనాతానునీ (బైబిల్లో ఒకరినొకరు ప్రాణంలా ప్రేమించుకున్న ఇద్దరు మగవాళ్ళు) తలుచుకునే పంక్తి చేర్చి పాడారు. బైబిలు తెలిసినవాళ్ళకి అర్థం వెంటనే తగులుతుంది. ఉద్యమపు పాటకి ఉద్యమపు పంక్తి. అతుకు ఎక్కడుందో వెతికినా కనపడదు.

మూడోది నాకు బాగా ఇష్టమైనది, "బ్రదర్ మోజెస్ స్మోట్ ద వాటర్". బెర్లిన్‌లో లైవ్‌గా రికార్డు చేశారు. జాషువా నెల్సన్ అనే నల్లజాతి యూదు గాస్పెల్ (అమెరికా నల్లవాళ్ళ చర్చి పాటల) గాయకుడు, క్యాథ్రిన్ ఫార్మర్ వీళ్ళతో పాడారు. అమెరికాలో బానిసలుగా బతికిన నల్లవాళ్ళు తమ విముక్తిని, ఈజిప్టు బానిసత్వం నుంచి యూదులని విడిపించిన మోషే కథలో చూసుకుని పాడుకున్నారు. యూదులు ప్రతి ఏటా పస్కా పండగకి ఇంట్లో కూర్చుని చెప్పుకునేదీ అదే కథ. ఎర్ర సముద్రం చీలిన ఆ ఘట్టం దగ్గర రెండు జాతుల పాటలూ ఎప్పటి నుంచో నిలబడే ఉన్నాయి. బ్యాండ్ వాటిని పక్కపక్కన పెట్టి పాడింది. గాస్పెల్ పిలుపుకి క్లారినెట్ బదులిస్తుంటే అందులో ఏది ఎవరిదో చెప్పలేం.

1998లో ఇజ్రాయెల్ గాయని హవా అల్బర్‌స్టైన్‌తో ఆధునిక యిద్దిష్ కవితలకి చేసిన "ద వెల్" కూడా ఇలాంటిదే. మంచి ఆల్బమ్, కానీ అక్కడ కలపడానికి పెద్ద దూరం లేదు.

గ్రామీ ఆల్బమ్ సంగతి

2006లో వచ్చిన "వండర్ వీల్"కి 2007లో సమకాలీన ప్రపంచ సంగీతం విభాగంలో గ్రామీ వచ్చింది. పాటలన్నీ ఇంగ్లీషులో. రాసింది వుడీ గత్రీ. ఒక్లహోమా జానపద గాయకుడికీ యూదు పెళ్లి వాయిద్యానికీ ఏమిటి చుట్టరికం అనిపిస్తుంది. అక్షరాలా చుట్టరికమే. గత్రీ భార్య మార్జొరీ యూదు నర్తకి. అత్తగారు అలీజా గ్రీన్‌బ్లాట్ యిద్దిష్ కవయిత్రి. 1940లలో కోనీ ఐలాండ్ మెర్మైడ్ అవెన్యూలో కాపురం, అత్తగారిల్లు దగ్గర్లోనే. యూదుల హనుక్కా పండగకి కూడా గత్రీ పాటలు రాశాడు. ఆయన వదిలివెళ్ళిన కాగితాల్లో వరసలు కట్టని పాటలు బోలెడు. కూతురు నోరా గత్రీ వాటిని క్లెజ్మటిక్స్ చేతికిచ్చారు. హనుక్కా పాటలు వేరే ఆల్బమ్‌గా వచ్చాయి. వండర్ వీల్ అన్నది కోనీ ఐలాండ్‌లోని పెద్ద రంగులరాట్నం పేరు.

కలిసే చోటు ఇంత గట్టిగా ఉన్నా, నేను శిష్యులకి ఈ ఆల్బమ్ ఆఖరున వినిపిస్తాను. పాటలు హాయిగా ఉంటాయి. స్క్లామ్‌బర్గ్ గొంతు ఎప్పట్లాగే. కానీ వీటిలో క్లెజ్మర్ పలుకు పలచబడింది. యిద్దిష్ మాటల్లోని ఊనిక పోగానే ట్యూన్ నడక కూడా జానపద, ఫోక్ రాక్ వైపు జారిపోయింది. మాట మారితే గమకం మారుతుందన్నది మనకి కొత్త కాదు. బహుమతి వచ్చింది కాబట్టి ఇదే వాళ్ళ ఉత్తమ ఫ్యూజన్ అనుకుంటే "జ్యూస్ విత్ హార్న్స్", "పొసెస్డ్" లాంటి 1990ల ఆల్బమ్‌లకి అన్యాయం జరుగుతుంది. 2016 నాటి "అపికోర్సిమ్"లో బయటి అతిథులు లేకుండా బ్యాండ్ మళ్ళీ తన గూటికి చేరింది. అది వింటే ఈ మాట ఇంకా స్పష్టపడుతుంది.

మా రిహార్సల్ గదిలో

ఈ కేసు నుంచి మా పనిలోకి నేరుగా వచ్చిన విషయం కార్డుల గురించి. షడ్జమం డి మీద పెట్టుకుని ఫ్రైగిష్ వాయిస్తే క్లెజ్మర్ వాళ్ళు వేసే కార్డులు డి మేజర్, జి మైనర్, సి మైనర్. ముగింపు సి మైనర్ నుంచి డికి. మన కీబోర్డు చేతులకి సినిమా అలవాటుంది. వాక్యం ముగుస్తోందంటే చాలు, ఏ సెవెన్ (A7) కార్డు మీదకి వెళ్ళిపోతాయి.

"అన్నా, ఇక్కడ ఏ సెవెన్ వేస్తే బాగా లాక్ అవుతుంది."

"వేయి తమ్ముడూ. వేసి, ఆ కార్డులో ఉన్న స్వరాలు ఒక్కోటీ పాడు."

పాడితే తెలిసిపోయింది. ఏ సెవెన్‌లో కాకలి నిషాదం ఉంది, చతుశ్రుతి రిషభం ఉంది. రెండూ ఈ రాగంలో లేవు. పైన వయొలిన్ శుద్ధ రిషభం పట్టుకుని మూలుగుతుంటే కింద కీబోర్డు దాని గొంతు నొక్కుతోంది. సి మైనర్ వేయగానే గదిలో అందరూ తలలెత్తారు.

దీని ఉపయోగం గుంటూరులో ఒక చర్చి క్వయర్‌తో పనిచేసినప్పుడు కనిపించింది. పాత తెలుగు క్రైస్తవ కీర్తనని నాలుగు గొంతుల హార్మొనీతో, వయొలిన్లతో చేయాలన్నారు. పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలోనే ఏసు మీద కర్ణాటక రాగాల్లో కీర్తనలు కట్టారు. మిషనరీల హార్మొనీ పద్ధతి కూడా ఆ చర్చిల్లోకే వచ్చింది. రెండూ ఒకే గుడిలో, వేరు వేరు పుస్తకాల్లో ఉన్నాయి. కలిసే చోటు వెతుక్కోనక్కర్లేకుండా దొరికింది. మేం ఎంచుకున్న వరస మాయామాళవగౌళకి దగ్గరిది. కైశికి నిషాదం లేదు కాబట్టి సి మైనర్ కుదరదు, ఏ సెవెన్ వేస్తే రిషభం చెడుతుంది. జి మైనర్ నుంచి నేరుగా డికి దిగాం. క్వయర్‌లో ఆల్టో (ఆడవాళ్ళ కింది గొంతు) పాడే అక్కలకి మొదట వింతగా అనిపించింది. పాడగా పాడగా వాళ్ళే "ఇది మన పాత పాట లాగే ఉంది సార్" అన్నారు. మా మృదంగం కుర్రాడు అప్పటికి బుల్గర్ మత్తులో ఉండి ఒక చరణానికి తకిట తకిట తక పెడదామన్నాడు. వద్దన్నాను. ఆ కీర్తనకీ ఆ నడకకీ ఏ చుట్టరికమూ లేదు.

ఈ కేసులో మనకి పట్టుబడని ముక్క కూడా ఒకటుంది. క్లెజ్మర్ నాట్యం కోసం పుట్టింది. క్లెజ్మటిక్స్ కచేరీలో జనం చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతారు. వాళ్ళ లయ సరిగ్గా ఉందో లేదో ఆ కాళ్ళే చెప్పేస్తాయి. మా ఫ్యూజన్ షోలకి జనం కుర్చీల్లో కూర్చుని ఫోన్లో రికార్డు చేసుకుంటారు. లయ తప్పినా చప్పట్లు పడతాయి. దీనికి నా దగ్గర ప్రస్తుతానికి మందు లేదు.

ఇప్పుడు కొత్త ఆర్డర్ ఏదొచ్చినా మొదటి రిహార్సల్‌కి కీబోర్డు, ప్యాడ్స్ తేవద్దంటున్నాం. పాడేవాళ్ళు, వయొలిన్, ఒక తాళవాద్యం, అంతే. ఏ రెండు సంగీతాలు కలవాలంటున్నారో ఆ రెండింటి పాత పాటలు ఒక్కొక్కటి విడివిడిగా పాడతాం. రెండూ పక్కపక్కన ఎక్కడా ఆనుకోకపోతే క్లయింట్‌కి ఫోన్ చేసి వేరే పాట చూద్దామంటాను. కొందరు ఒప్పుకుంటారు, కొందరు వేరే బ్యాండ్‌ని చూసుకుంటారు. కీబోర్డు తమ్ముడికి మాత్రం ఈ పద్ధతి మీద కోపం పోలేదు. రాని రోజుకి కూడా పేమెంట్ ఇస్తున్నాం కాబట్టి సర్దుకుపోతున్నాడు.